ఆయిల్ వాసన వచ్చిందని ఇంజన్ దింపేస్తారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక వాహనాల పేజీలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఒకటి వస్తుంది కదా. మొన్న అందులో ఒకావిడ అడిగారు: పాత పెట్రోలు కారు, ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఏసీలోంచి ఆయిల్ మాడిన వాసన వస్తోంది, హైవే ఎక్కితే రావట్లేదు, వెనక పొగ కూడా ఏమీ కనపడట్లేదు, ఆయిల్ మార్పించి చాలా నెలలైంది, మెకానిక్ ఏమో ఇంజన్ దింపాలంటున్నాడు, ఏం చేయమంటారు అని. దానికి మీ వాళ్లిచ్చిన జవాబు 'వెంటనే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించండి'. అంతే, ఒక్క వాక్యం. ఆ పక్కనే అర పేజీ కొత్త ఎస్‌యూవీ ఫోటో.

నేను విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు నడుపుతాను, అంతకుముందు షెడ్డులో పని చేసినవాణ్ని. ఈ వాసన కథ మా కౌంటర్ దగ్గరికి తరచూ వస్తుంది. కొందరు పూర్తి ఓవర్‌హాల్ కిట్ చీటీ పట్టుకుని వస్తారు, అసలు లీకేజీ ఎక్కడో చూశారా అంటే మెకానిక్ చెప్పాడండీ అంటారు. ఇంకొందరు దీనికి పూర్తిగా తిరగేసి, పాత బండి అన్నాక వాసన రాదా అని అద్దాలు దించుకుని తిరిగేస్తుంటారు. రెండూ తప్పే, రెండోది ఇంకా తప్పు. మెకానిక్‌లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయట్లేదు, వాళ్లలో చాలామంది మా కొట్టు ఖాతాదార్లే, వాళ్లతో నాకు గొడవ ఎందుకు. కానీ ఆవిడ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది, అది మీ వాళ్లు చూడలేదన్నదే నా బాధ.

కారు లోపలికి గాలి ఎక్కణ్నించి వస్తుందో చూడండి. ముందు అద్దం కింద, వైపర్లు ఉండే చోట జాలీ ఉంటుంది, ఏసీ బయటి గాలి మీద పెడితే గాలి అక్కణ్నుంచే లోపలికి వస్తుంది. బండి పరిగెడుతుంటే బోనెట్ కింద వాసనంతా వెనక్కీ కిందికీ కొట్టుకుపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ వేడి గాలి పైకి లేచి నేరుగా జాలీలో దూరుతుంది. అందుకే ఊళ్లో వస్తుంది, హైవే మీద రాదు. ఏసీలో లోపలి గాలే తిరిగే బటన్ ఉంటుంది కదా, కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం గుర్తు ఉన్నది, అది నొక్కాక కాసేపటికి వాసన తగ్గిందంటే అది బోనెట్ కిందదేనని దాదాపు ఖాయం.

ఇంక పొగ సంగతి. ఆయిల్ సిలిండర్ లోపల కాలితే అది సైలెన్సర్ గొట్టం గుండా నీలం పొగై వెనక నుంచి పోతుంది, మీకంటే మీ వెనక వచ్చే స్కూటర్ ఆయనకే ముందు తెలుస్తుంది. పొగ లేకుండా వాసన ఒక్కటే కారు లోపలికి వస్తోందంటే ఆయిల్ ఇంజన్ బయట కారి, ఏదో వేడి భాగం మీద పడి మాడుతోందని అర్థం. ఆ వేడి భాగం చాలాసార్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డే, అంటే ఇంజన్‌లో కాలిన గ్యాసును సైలెన్సర్ గొట్టంలోకి పంపే భాగం. బండి బాగా లాగుతున్నప్పుడు దాని వేడి 400 డిగ్రీలు దాటిపోతుంది, ఇంజన్ ఆయిల్ ఆవిరికి నిప్పు తగిలితే అంటుకోవడానికి 200 పైచిలుకు చాలు. కొన్ని చుక్కలు పడినా కారంతా కంపు కొడుతుంది, డిప్‌స్టిక్ తీసి చూస్తే మాత్రం ఆయిల్ మట్టం మారినట్టే ఉండదు. 'ఆయిల్ తగ్గట్లేదు కాబట్టి లీకు లేదు' అనే మాట అందుకే నమ్మొద్దు. డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు కూడా దీనికి పనికిరాదు, అది చెప్పేది ప్రెషర్ గురించి, అది వెలిగే సరికి ఇంజన్ ప్రాణం మీదికి వచ్చినట్టే.

అసలు అది ఇంజన్ ఆయిల్ వాసనేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంజన్ ఆయిల్ మాడితే బాణలిలో నూనె మరీ కాగి పొగలెత్తినప్పటిలా ఘాటుగా గొంతు పట్టేస్తుంది. క్లచ్ ప్లేటు మాడితే కాగితం కాలిన వాసన, అదీ తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడో, ఫ్లైఓవర్ ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టినప్పుడో వస్తుంది, కాసేపు ఆగితే పోతుంది. బ్రేకు పట్టేస్తే వాసన ఒక చక్రం దగ్గరే ఎక్కువ ఉంటుంది, ఆ రిమ్ము దగ్గరికి చెయ్యి తీసుకెళితే చాలు సెగ తెలుస్తుంది, ముట్టుకోవద్దు. కూలెంట్ కారితే తియ్యటి వాసన. గేర్ ఆయిల్‌లో గంధకం కలిసిన రసాయనాలుంటాయి, దాని కంపు కుళ్లిన వెల్లుల్లి కంపే. వైరు కాలితే ప్లాస్టిక్ వాసన, దీనికి మాత్రం పరిశోధనలేమీ వద్దు, వెంటనే బండి పక్కకు ఆపి, తాళం తీసేసి, అందరూ దిగిపోవాలి.

మన రోడ్ల మీద ఇంకో రెండు ఉన్నాయి, ఇవి కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉండవు. ఒకటి, ఎగిరొచ్చిన క్యారీబ్యాగు సైలెన్సర్‌కు అతుక్కుని కరగడం. రెండోది, పల్లెల దారుల్లో ఉలవ, కంది కట్టె రోడ్డు మీద పరిచి బండ్లతో తొక్కిస్తారు చూడండి, ఆ తీగలూ పుల్లలూ యాక్సిల్‌కు చుట్టుకుని సైలెన్సర్‌కు తగిలితే మాడిన వాసనే కాదు, మంటే రావచ్చు. అలాంటి కుప్ప మీదుగా వెళ్లాల్సి వస్తే దాటగానే దిగి కిందికి ఒకసారి వంగి చూడటం మంచిది. కుదిరితే అసలు దాని మీదికి పోనివ్వకపోవడం ఇంకా మంచిది, రైతుకు కోపమొచ్చినా సరే.

సరే, ఆయిల్ వాసనే అని తేలింది అనుకుందాం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, పొద్దున్నే అయితే మేలు, బోనెట్ ఎత్తి టార్చి వేసి చూడాలి. ఆయిల్ పై నుంచి కిందికి కారుతుంది, ఫ్యాన్ గాలికీ ఎదురుగాలికీ వెనక్కి జరుగుతుంది. అందుకని కింద చాంబర్ (ఆయిల్ నిలిచే తొట్టి) తడిగా ఉందని చాంబర్ ప్యాకింగ్ (అతుకు దగ్గర కారకుండా వేసే పట్టీ) మార్చేస్తే డబ్బులు దండగ. తడి ఉన్న చోట్లన్నిటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నది ఏదో అదే అసలు దొంగ. ఏళ్ల తరబడి దుమ్మూ ఆయిలూ కలిసి జిడ్డు పేరుకుపోయి ఉంటే ఏమీ తెలియదు, అప్పుడు డిగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరనిచ్చి, రెండు మూడు రోజులు మామూలుగా తిప్పి మళ్లీ చూడాలి. పెట్రోలు పోసి కడిగే పని మాత్రం చేయించొద్దు, షెడ్డుల్లో ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. వేడి మానిఫోల్డ్ మీద చన్నీళ్లు కొట్టించినా బీట తీసే ప్రమాదం ఉంది. తుడిచాక కూడా చోటు దొరక్కపోతే మొహానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లండి, ఆయిల్ వచ్చే చోట తడి గీత పడుతుంది. పెద్ద షెడ్డుల్లో ఆయిల్‌లో రంగు కలిపి ప్రత్యేకమైన లైటు వేసి చూస్తారు, పద్ధతి వేరైనా సూత్రం అదే.

రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచడం కూడా మంచిదే. నల్లగానో గోధుమ రంగులోనో చుక్కలు పడితే ఇంజన్ ఆయిల్. ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగ్‌దో ఆటోమేటిక్ గేర్‌బాక్సుదో కావచ్చు. వట్టి నీళ్లయితే అవి ఏసీ నీళ్లు, వాటికి టెన్షన్ పడి మా కొట్టు దాకా వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఆవిడ చెప్పిన లక్షణాలకు నా అనుమానం మొదట పోయేది టాపెట్ కవర్ ప్యాకింగ్ మీదికి. ఇంజన్ నెత్తి మీద ఉండే మూత అది. దాని కింద చుట్టూ రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది, పూర్వం బెండుతో చేసినవి వచ్చేవి. ఇంజన్ వేడికి, మన ఎండలకి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. విప్పి చూస్తే గోరుతో నొక్కినా లొంగదు, వంచితే పుటుక్కున విరుగుతుంది. అక్కణ్నుంచి చెమ్మగా ఊరిన ఆయిల్ ఇంజన్ పక్కగా జారి మానిఫోల్డ్ మీద పడుతుంది. కొన్ని కార్లలో మానిఫోల్డ్ రేడియేటర్ వైపు ఉంటుంది, కొన్నింట్లో వెనక, మనం కూర్చునే వైపు గోడ దగ్గర. వెనక ఉన్నవాటిలో కొంచెం లీకుకే కారంతా వాసన.

ఈ ప్యాకింగ్ చిన్న కార్లలో చాలావాటికి కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, మార్చడం ఒక పూట పని కూడా కాదు. కానీ ఆ పూటలోనే చెడగొట్టే విషయాలు చాలా ఉన్నాయి. పాత ప్యాకింగ్ ముక్కల్ని స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు, హెడ్డు (ఈ కవర్ కూర్చునే ఇంజన్ పై భాగం) అల్యూమినియం, గీత పడితే అక్కణ్నుంచే మళ్లీ కారుతుంది. రబ్బరు ప్యాకింగ్‌ను పొడిగానే కూర్చోబెట్టాలి, టైమింగ్ కవర్ వచ్చి హెడ్డుకు కలిసే మూలల్లో మాత్రం కంపెనీ చెప్పిన చోట కొద్దిగా సీలెంట్ (ట్యూబులో వచ్చే జిగురు) చాలు. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, ఒకేసారి బిగించేయకుండా రెండు మూడు విడతలుగా బిగించాలి. చిన్న ఇంజన్లలో చాలావాటికి ఆ బోల్టుల బిగువు 10 న్యూటన్ మీటర్ల దగ్గర్లోనే ఉంటుంది, అంటే మణికట్టు బలం చాలు, భుజం బలం అక్కర్లేదు. లీకు ఆగాలని ఇంకో అర తిప్పు బిగిస్తే ప్యాకింగ్ నలిగి పక్కకు జరుగుతుంది, ప్లాస్టిక్ కవర్ అయితే పగులుతుంది, అప్పుడు కవరే కొనాలి (మాకు లాభమే అనుకోండి). స్పార్క్ ప్లగ్గులు దిగే గొట్టాలకు చిన్న సీళ్లుంటాయి, ఎలాగూ కవర్ విప్పారు కాబట్టి అవీ మార్చేయాలి. అవి పోతే ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచి బండి ఎగిరెగిరి పడుతుంది, దానికి మళ్లీ కాయిల్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) మార్చమంటారు.

ప్యాకింగ్ మార్చినా నెల తిరక్కుండా మళ్లీ కారుతోందనే ఫిర్యాదు కూడా వింటుంటాను. అక్కడ చూడాల్సింది బ్రీదర్, అంటే ఇంజన్ లోపలి గ్యాసు పోయే దారి. పిస్టన్ పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది, ఆ గ్యాసును మళ్లీ ఇంజన్‌లోకే లాగేసుకునే చిన్న వాల్వు ఉంటుంది, పీసీవీ అంటారు. అది మడ్డితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు బలహీనంగా ఉంటే దాన్ని తోసుకుని ఆయిల్ బయటికి వస్తుంది. టాపెట్ ప్యాకింగ్ కొత్తది వేస్తే ఇంకో చోట మొదలవుతుంది. ఈ వాల్వు చాలా బండ్లలో చవకే, అయినా మా కొట్టులో దాన్ని అడిగేవాళ్లు తక్కువ. టాపెట్ ప్యాకింగ్ కొనేవాళ్లకు నేనే గుర్తు చేస్తుంటాను, అమ్ముకోడానికి చెబుతున్నాడని కొందరు అనుమానంగా చూస్తారు కూడా.

ఇంకో జబ్బు సీలెంట్ జబ్బు. ప్యాకింగ్ కొనకుండా ట్యూబు మొత్తం పిండేసి కవర్ బిగించేస్తారు. బయట నుంచి చూస్తే లీకు ఆగిపోతుంది, యజమాని సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. లోపలికి పొంగిన సీలెంట్ ముక్కలు ఊడి చాంబర్‌లో పడి ఆయిల్ పంపు జాలీని మూసేశాయంటే అప్పుడు నిజంగానే ఇంజన్ దింపాల్సి వస్తుంది. ప్యాకింగ్ మార్చాం అన్న చోట పాత ప్యాకింగ్ చేతికిమ్మని అడగండి, అడగడానికి మొహమాటం ఎందుకు, బండి మీది.

ఈ మధ్యే ఆయిల్ మార్పించిన బండ్లలో అయితే కథ వేరు. ఫిల్టర్ విప్పేటప్పుడు ఒలికిన ఆయిల్ సైలెన్సర్ మీద పడి మాడుతుంటే రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆయిల్ పోసే మూత సరిగ్గా పెట్టారా, డ్రెయిన్ బోల్టు వాషర్ మార్చారా చూడాలి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే, ముందు బాగానే ఉండి ఒక్కసారిగా ఆయిలంతా రోడ్డు మీద పోసేస్తుంది. బోనెట్ కింద మర్చిపోయిన ఆయిల్ గుడ్డ ఎంత పని చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇంజన్ ఎప్పుడు దింపాలి? రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతే, లేదా ఘాట్ దిగేటప్పుడు చాలాసేపు యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు పొగ వస్తే, అనుమానం వాల్వు సీళ్ల మీద. లోడు మీద లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తూ ఆయిల్ తాగుతుంటే అప్పుడు పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మాట ఎత్తాలి, మా వాళ్లు దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. అప్పుడు కూడా చెవితో విని, మూత తీసి చూసి తేల్చకూడదు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ గేజీతో చూడాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, రీడింగ్ పెరిగిందంటే రింగులు, పెరగలేదంటే అనుమానం వాల్వుల మీద. ఆ రీడింగులు కాగితం మీద రాసిమ్మనండి, అవి లేకుండా ఇంజన్ దింపుతామంటే ఒప్పుకోవద్దు. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే వెనక క్రాంక్ సీలు పోతే మాత్రం సీలు చవకే గానీ దానికోసం గేర్‌బాక్సు దింపాలి, కూలీ ఎక్కువ. లీకు చెమ్మలా ఉంటే క్లచ్ ప్లేటు మార్చే రోజు దాకా కనిపెడుతూ ఉండి, రెండూ కలిపి చేయించుకోవచ్చు. కారిన ఆయిల్ క్లచ్ మీదికి చేరితే ఆగకూడదు.

డీజిల్ వాళ్లకు టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) సీళ్ల గొడవ ఉంది, అది పోతే ఆయిల్ నేరుగా ఇంజన్ పీల్చే గాలిలోకే వెళుతుంది, తాళం తీసినా ఇంజన్ ఆగకుండా ఆ ఆయిల్‌తోనే పరిగెత్తే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ ఆలస్యం వద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది తనలోని మసిని తానే కాల్చుకునేటప్పుడు వేడెక్కిన వాసన వస్తుంది. అప్పుడప్పుడూ వచ్చి పోయేది అదైతే రోగం కాదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా, అన్నీ బాగున్నట్టే అనుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ చూసేది సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చేదాన్ని మాత్రమే. పెట్రోలుకు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, డీజిల్‌కు పొగ నలుపు, అంతే. బోనెట్ ఎవరూ ఎత్తరు. ప్రైవేటు కారుకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది పదిహేనేళ్లకు, మధ్యలో ఫిట్‌నెస్ అని ఎవరూ పిలవరు. కాబట్టి ఇన్నేళ్లూ ఈ లీకులు చూసుకోవాల్సింది యజమానే, అందుకే మీ పేజీలో దీనికి ఒక వాక్యం కంటే ఎక్కువ చోటు ఉండాలంటున్నాను.

రిపేరు అయ్యాక కూడా వాసన వెంటనే పోదని చెప్పాలి. మానిఫోల్డ్ మీద, దాని వేడి రేకు లోపల, ఇంజన్ కింద ప్లాస్టిక్ షీల్డులో పాత ఆయిల్ మిగిలి ఉంటుంది, అది కాలిపోయేదాకా కొన్నాళ్లు పడుతుంది. షీల్డు విప్పి తుడిపిస్తే తొందరగా పోతుంది. రోజురోజుకూ తగ్గుతుంటే ఊరుకోవచ్చు, అలాగే ఉంటే వెనక్కి వెళ్లి కవర్ అంచు వేలితో తడిమి చూపించండి.

అయితే బోనెట్ సందుల్లోంచి పొగ కనపడితే ఇదంతా మర్చిపోండి. పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, పిల్లల్నీ పెద్దల్నీ దింపి దూరంగా పంపి 101కో 112కో ఫోన్ చేయాలి. బోనెట్ బార్లా తెరవకూడదు, గాలి తగిలితే మంట లేస్తుంది. ఆయిల్ మంట మీద నీళ్లు పోయకూడదు, పొడి చిమ్మే సిలిండర్ ఉంటే బోనెట్ కొంచెం లేచిన సందులోంచి కొట్టొచ్చు, లేకపోతే దూరం జరగడమే.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. కారు తగలబడిన వార్త వేసినప్పుడల్లా కారణం దగ్గర 'షార్ట్ సర్క్యూట్ కావచ్చు' అని ఉంటుంది. కొన్నిసార్లు నిజమే అవుతుంది. కానీ ఆ డ్రైవర్‌ను, బతికి బయటపడి ఎదురుగానే ఉంటాడు కదా, అంతకుముందు వాసన ఏమైనా వచ్చిందా, ఏ వాసన, ఎన్నాళ్ల నుంచి, ఈ మధ్య బోనెట్ కింద ఏ పని చేయించావు అని అడిగి ఆ జవాబు కూడా వార్తలో వేయండి. ఉత్తరం పొడుగైంది, చోటు లేక కత్తిరించాల్సి వస్తే నా కొట్టు సంగతులు తీసేయండి, బ్రీదర్ సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక స్పేర్ పార్టుల వ్యాపారి,
ఆటోనగర్, విజయవాడ